తోక ఉన్న రాగితొండ

"ఇది ఏం దేవుడన్నా?"

మద్రాసు పక్కన అంబత్తూరులో నా రాగిపని షాపు మెట్టు మీద నిలబడి ఆ మాట అడిగినావిడకు అరవై దగ్గర పడి ఉంటాయి. బట్టలకొట్టు సంచీలోంచి ఒక పొట్లం తీసి, పాత పేపరు విప్పి, నా పని బల్ల మీద పెట్టింది. రాగితో చేసిన తొండ. మెడ మీద ముళ్ళు, నాలుగు కాళ్ళు, జానెడు తోక. నుదుటి మీద ఎండి బిగుసుకుపోయిన చందనం, దాని మధ్యలో కుంకుమ బొట్టు.

"మా అక్క రాసుకునే బల్ల మీద ఉండె. బొట్టు ఉండాది గదా, ఏదో అమ్మవారి వాహనమేమో అనుకుంటి. అక్క పొయ్యినాక ఫోటో పక్కన పెట్టి పదకొండు రోజులు దీపం పెట్టినా. అప్పురం ఒక రోజు అక్క నోటుబుక్కు అట్ట వెనక మీ షాపు అడ్రసు కనిపించె. ఏ దేవుడో తెలిస్తే గదా, ఏ కోవెల్లో ఇచ్చేది."

నాకు ముందు నవ్వొచ్చింది. పదకొండు రోజులు ఒక తొండకు దీపం పెట్టిన పెద్దమనిషి ఎదురుగా నిలబడితే ఎవరికైనా వస్తుంది. నవ్వు పూర్తిగా పైకి రాకముందే 'అక్క పొయ్యినాక' అన్న ముక్క చెవిలోంచి లోపలికి దిగింది. నేను స్టూలు వెతుక్కుని కూర్చున్నాను. కూర్చోమని ఆవిడతో అనాలన్న ఇంగితం కూడా తోచలేదు.

ఆ తొండను చేసింది నేనే.

వాళ్ళ అక్కను మా షాపులో పనివాళ్ళు 'ఓణాన్ టీచర్' అనేవాళ్ళు. ఓణాన్ అంటే తమిళంలో తొండ. నేను టీచరమ్మా అనేవాణ్ణి. ఏదో ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదైనా నన్ను అన్నా అనే పిలిచేది. మద్రాసులో కొట్టువాడు పుట్టుకతోనే అన్న.

మొదటిసారి వచ్చినప్పుడు తమిళంలోనే మాట్లాడింది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. బల్ల మీద పెట్టి మూత తీస్తే, ఏ ప్రసాదమో తెచ్చిందనుకుని చెయ్యి తుడుచుకున్నాను. లోపల వేపాకు పరిచి, దాని మీద చచ్చిన తొండ. సైకిలు చక్రం తగిలి చచ్చిందట, ఒళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. ఇంత లావు, ఇంత పొడుగు రాగి గొట్టం కావాలి, లోపల డొల్లగా ఉండాలి, రెండు చివరలూ మూసెయ్యాలి, థర్మామీటర్ తీగ దూరేటందుకు ఒక్క బెజ్జం ఉండాలి అని చెప్పింది. ఎన్ని కావాలని అడిగాను. ఆవిడ కళ్ళు మూసుకుని, ఎక్కడెక్కడ పెట్టాలో మనసులో అనుకుంటూ వేళ్ళు మడిచింది. పెదాలు కదిలాయి. "ఒకటి, రెండు, మూడు..."

ఎంత తమిళం మాట్లాడినా లెక్క మాత్రం ఇంటి భాషలోనే పెడతారు మనవాళ్ళు.

"మీరు మనోళ్ళా?" అన్నాను.

"పెరంబూరు. మా నాయన రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరు. మీరు?"

"ముత్తాత కాలంలో వచ్చినాం. ఏ ఊరినించో ఇప్పుడు ఎవురికీ తెలీదు."

"అయితే మద్రాసే ఊరు," అంది. ఆ తర్వాత నాతో ఒక్క తమిళ ముక్క మాట్లాడలేదు, మధ్యమధ్య వచ్చేవి తప్ప. వాటిని మేమిద్దరం తెలుగే అనుకుంటాం.

ఈ రాగి గొట్టాలు ఎందుకని అడిగితే, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పింది. "నిజం తొండకు థర్మామీటర్ పెట్టి పొద్దంతా గోడ మీద కూర్చోబెట్టలేం గదన్నా. దానికి మనకు మాదిరి ఒంట్లో సొంత వేడి లేదు. ఎండే దానికి పొయ్యి. పొద్దున ఎండకాగితే గానీ కాలు కదపలేదు. ఎండ ఎక్కువైతే పొదలోకి పరిగెత్తాల, లేకుంటే చస్తాది. గోడ మీద కూర్చుంటే దాని ఒంటికి ఎంత వేడి తగలతాదో ఈ రాగిబొమ్మ చెప్తాది. అంతే."

తోక వద్దా అని అడిగాను. తోకతో పని లేదు, వేడి సంగతంతా పొట్టదే అంది. నాకు పనితనం విషయంలో కాస్త పొగరు. ఆవిడ అడిగినట్టు తోక లేనివి ఐదు చేసి, ఆదివారం షాపు తాళం తీసుకుని ఒక్కణ్ణే కూర్చుని ఆరోది చేశాను. దానికి తోక, కాళ్ళు, మెడ మీద ముళ్ళు, చిన్న ఉలితో పొలుసులు కూడా పెట్టాను. బుధవారం ఆవిడ వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత కొంగుతో దాన్ని తుడిచింది, తుడవడానికి ఏమీ లేకపోయినా.

బొమ్మలు పెట్టే గోడ కోసం మా ఇండస్ట్రియల్ ఎస్టేటంతా తిరిగి, చివరికి నా షాపు వెనక ప్రహరీ గోడనే ఎంచుకుంది. గోడకవతల ఖాళీ స్థలం, తుమ్మ పొదలు. ఎన్ని గోడలుంటే ఇదే ఎందుకని అడిగాను.

"మీ నాయన కట్టించినప్పటినించీ ఈ గోడకు సున్నం పడలేదంట గదా. అందుకే."

మా నాయన పిసినారితనం ఎస్టేటంతా ఎరిగిందే. ఆవిడ దాన్ని ఎగతాళి చేసిందనుకుని నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ఎంత చెల్లించుకోవాల్సి వచ్చిందో తర్వాత చెప్తాను.

ఆవిడకు కావలసింది ఒక్కటే. ఒకే గోడ, పదేళ్ళు. మధ్యలో ఏ మార్పూ ఉండకూడదు. ఎండలు ముదురుతున్నాయని అందరూ అంటారు, ఈ ఒక్క గోడ మీద బతికే తొండకు అది ఎంత ముదిరిందో పదేళ్ళు వరసగా రాసి చూడాలి. "ఒక ఏడాది రాస్తే అది వాతావరణం కాదన్నా, ఆ ఏటి వెయిల్, ఆ ఏటి ఎండ అంతే. పదేళ్ళు రాస్తే అప్పుడు మాట్లాడొచ్చు."

ప్రతి బుధవారం వచ్చేది. కాళ్ళకు కాన్వాసు బూట్లు, నేత చీర, కుచ్చెళ్ళు కాస్త పైకి దోపి ఉండేవి. గోడకు ఎనిమిది అడుగుల దూరంలో ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి కూర్చునేది. చంకలో గొడుగు ఉండేది. దాన్ని ఏనాడూ విప్పలేదు. ఎండలో మాడిపోతున్నారు, గొడుగు తెరవమని నేనంటే, "నీడ గోడ మీద పడితే లెక్క తప్పతాదన్నా," అనేది. మరి మొయ్యడమెందుకని అడిగితే, వీధికుక్కల కోసం అంది.

రాగిబొమ్మల రీడింగ్ తీసేముందు ఒక పని చేసేది. గోడ దగ్గరికి వెళ్ళి చెయ్యి ఆనించేది. అరచెయ్యి కాదు, చేతి వెనక వైపు, చంటిపిల్లకు జ్వరం చూసినట్టు. కళ్ళు మూసుకుని ఒక అంకె చెప్పి, పుస్తకంలో మొదటి గడిలో రాసేది. ఆ తర్వాతే థర్మామీటర్ చూసి, దాని అంకె రెండో గడిలో రాసేది. రెండింటికీ ఒక డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉన్న రోజు నేను చూడలేదు. యంత్రం ఉండగా చెయ్యి ఎందుకని అడిగితే, "యంత్రం చెడితే ఎవరు చెప్తారు? ఒకరిమీద ఒకరికి కన్ను ఉండాల," అంది.

నేనూ ఒకసారి చెయ్యి ఆనించి ముప్పైరెండు అన్నాను. నలభై ఒకటి ఉంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. ముప్పై ఏళ్ళు గ్యాస్ మంట ముందు రాగి అతికిన చెయ్యి.

"నీ చేతికి వేడి తెలీదన్నా. కొలిమి తినేసింది," అని మెల్లగా వదిలేసింది. ఎవరూ అంతవరకు నా చేతిని అలా చూడలేదు. ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది.

"బాగుండాది," అంది మా ఆవిడ, అన్నం వడ్డిస్తూ. "కంచె మీద పొయ్యే ఓణాన్ను ఎత్తి పంచెలో ఏసుకున్నట్టుంది మీ కథ."

ఆమెకు టీచరమ్మంటే కోపం లేదు. బుధవారం టిఫిన్‌లో రెండు ఇడ్లీలు ఎక్కువ పెట్టేది, ఎవరికని మాత్రం అనేది కాదు.

ఆ తోక ఉన్న తొండ సంగతి చెప్పాలి. మొదటి ఏడాది వేసవికి ముందు, మిగతా ఐదింటితోపాటు దాన్నీ గోడ మీద పెట్టాం. పది గంటలకు తుమ్మ పొదలోంచి ఒక మగతొండ గోడెక్కింది. మన రాగిదాన్ని చూసింది. ఆగింది. ముందు కాళ్ళు వంచి లేపి దండీలు తియ్యడం మొదలుపెట్టింది. గొంతు కింద ఎరుపెక్కింది. తన గోడ మీదికి వచ్చిన కొత్త మగవాడికి అది హెచ్చరిక. రాగిది కదలలేదు. ఇది ఇంకా దగ్గరికొచ్చి ఇంకా జోరుగా తీసింది. పని ఆపి మా పనివాళ్ళు నలుగురూ తలుపు దగ్గర గుమిగూడారు. టీచరమ్మ డబ్బా మీద కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. అంత నవ్వును చప్పుడు లేకుండా నవ్విన మనిషిని నేనింకొకరిని చూడలేదు. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఆ అరగంట ఇప్పుడు తిరిగి ఇస్తామంటే నా షాపులోని లేత్ మిషను ఇచ్చేస్తాను.

తర్వాత ఆవిడే లేచి వెళ్ళి రాగిదాన్ని గోడ మీంచి తీసేసింది. "పాపం, పొద్దంతా దీంతోనే పోతా ఉంది. తిండి తినేది ఎప్పుడు? దానికి ఉండేదే మూడు గంటల షిఫ్టు," అంది. ఆ రోజునుంచి తోక ఉన్నది నా షాపులో లేత్ పక్కన గూట్లో ఉండిపోయింది.

షిఫ్టు అన్నది ఆవిడ మాటే. తొండకు పొద్దున ఒక షిఫ్టు, సాయంత్రం ఒక షిఫ్టు. మధ్యాహ్నం గోడ కాలుతుంది కాబట్టి పొదలో సెలవు. ఆ సెలవు ఏటేటా పెరుగుతోంది. "మనకు సెలవు పెరిగితే సంతోషం గదన్నా. దానికి సెలవంటే పస్తు. పస్తుంటే ఆడది గుడ్లు పెట్టదు. ఎవురూ చంపకుండానే గోడ ఖాళీ అయిపోతాది." ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు పెంచలేదు. అది విన్న తర్వాత ఆ వేసవి మా షాపులో మంట పనంతా తెల్లవారి ఆరింటికి మార్చాను. పనివాళ్ళు దానికి ఓణాన్ షిఫ్టు అని పేరు పెట్టారు. ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఇక నా ఘనకార్యం. ఏడేళ్ళు ఒక్క బుధవారం తప్పకుండా రాసింది. ఎనిమిదో ఏడు ఆయుధపూజ వచ్చింది.

మా ఎస్టేటులో ఆయుధపూజంటే మాటలు కాదు. ముందు రోజు మిషన్లన్నీ కడిగి, తుడిచి, ప్రతిదానికీ చందనం, కుంకుమ పెడతాం. బొరుగులు, శనగలు పంచుతాం, గుమ్మడికాయ కొడతాం. ఆ ఏడు నాకొక ఆలోచన వచ్చింది. చదువుకున్న మనిషి, ఏడేళ్ళుగా వారం వారం వచ్చి నా నల్లటి, పెచ్చులూడిన గోడను చూస్తూ కూర్చుంటోంది. ఎస్టేటులో నలుగురూ ఏమనుకుంటారు? ఆవిడకు చెప్పకుండా, చూసి సంతోషిస్తుందని, మనుషుల్ని పెట్టి ఆ గోడకు రెండు పూతలు సున్నం వేయించాను. మెరిసిపోయింది. అంతటితో ఆగానా? ఐదు రాగిబొమ్మలకు ఆవిడ తొండ రంగు పూసి ఉంచింది, మట్టి రంగు. రాగి అలా మాసిపోయి ఉంటే పండగపూట నాకు ప్రాణం ఒప్పుతుందా? రంగు గీకించి, చింతపండుతో తళతళా తోమించి, ఒక్కొక్కదానికి చందనం పెట్టి, బొట్టు పెట్టి, మళ్ళీ గోడ మీద వాటి చోట్లోనే పెట్టించాను. గూట్లో ఉన్న తోకదానికీ పెట్టాను.

ఆ మర్నాడే బుధవారం.

ఆవిడ షాపు దాటి వెనక్కి వచ్చి గోడను చూసి నిలబడింది. నేను పక్కన, మెచ్చుకోలు కోసం నిలబడ్డాను. గొడుగు చంకలోంచి జారి కింద పడింది, తియ్యలేదు. గోడ దగ్గరికి వెళ్ళి అలవాటుగా చేతి వెనక వైపు ఆనించింది. చెయ్యి తీసి చూసుకుంది. సున్నం అంటుకుని ఉంది.

అప్పుడు నాకు అర్థమైంది. సున్నం పడలేదు, అందుకే, అని ఆవిడ మొదటి రోజు చెప్పింది ఎగతాళి కాదు. నల్ల గోడ ఎండ తాగుతుంది, తెల్ల గోడ తిప్పికొడుతుంది. ఇక మీదట ఈ గోడ చల్లబడినా, కాగినా, అది మారే ఎండల పనా సున్నం పనా అన్నది ఎవరూ చెప్పలేరు. ఏడేళ్ళ బుధవారాలు ఒక్క పండగ పూతతో పోయాయి.

"టీచరమ్మా, గీకిస్తా. ఈ పొద్దే మనుషుల్ని పెట్టి గీకిస్తా," అన్నాను.

"గీకితే పాత గోడ రాదన్నా. మూడో గోడ వస్తాది."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా తలమీద ఆ గొడుగుతో ఒక్కటి వేసి ఉంటే ఈ పాటికి నేను మర్చిపోయేవాణ్ణేమో. డబ్బా మీద కూర్చుని, పుస్తకం తెరిచి, ఏదో రెండు ముక్కలు రాసి మూసేసింది. సంచీలోంచి కొత్త నోటుబుక్కు తీసి, దాంట్లోనూ రెండు ముక్కలు రాసింది. తర్వాత నన్ను పిలిచింది.

"పండగ రోజు గోడకు సున్నం ఎయ్యొద్దని నేను చెప్పుండాల. చెప్పలేదు. సరి, ఏసేసినారు. ఇంక వినన్నా. వచ్చే ఏడు ఆయుధపూజకు ఇదే సున్నం, ఇదే రెండు పూతలు. బొమ్మల్ని ఇదే మాదిరి చింతపండుతో తోమండి, నా రంగు నేను పూసుకుంటా, దానిపైన బొట్టు ఇంతే పెట్టండి. ఆ పై ఏడూ అంతే. మానొద్దు, మార్చొద్దు."

"అది తప్పు గదమ్మా?"

"తప్పే. తప్పును ప్రతి ఏడూ ఒకే మాదిరి చెయ్యాల. అప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు."

అంటే మళ్ళీ ఒకటో ఏడు. మళ్ళీ పదేళ్ళు. ఆవిడకు అప్పటికి అరవై ఆరు. ఆ కూడిక నేను ఆ క్షణమే చేశాను, ఆవిడ కూడా చేసే ఉంటుంది. వెళ్ళేటప్పుడు గూట్లోంచి తోక ఉన్నదాన్ని తీసుకుని, "ఇది నా దగ్గిర ఉండనీ అన్నా," అని సంచీలో పెట్టుకుంది. బొట్టు చెరిగిపోతుందేమోనని పేపరు చుట్టింది.

తర్వాతి ఆయుధపూజలకు ఆవిడే వచ్చి పక్కన నిలబడేది. సున్నం బకెట్లో ఎన్ని చెంబుల నీళ్ళు పోశారో లెక్కపెట్టేది. చిన్న స్కేలు తెచ్చి బొట్లు కొలిచేది. "ఇది పెద్దదైపొయ్యింది, పోయినేడు ఇంత లేదు," అని చెరిపించి మళ్ళీ పెట్టించేది. గుమ్మడికాయ కొట్టడానికి వచ్చిన పూజారి ఆవిడ ఏదో కొత్త శాస్త్రం పాటిస్తోందనుకుని పక్కకు జరిగి నిలబడ్డాడు. తెల్ల గోడ మీద తొండలు మధ్యాహ్నం ఇంకొంచెం ఎక్కువసేపు ఉంటున్నాయని, అయితే తెలుపు మీద కాకులకు ఇట్టే కనబడిపోతున్నాయని రాసింది. నల్ల గోడ అయితే కాలుతుంది, తెల్ల గోడ అయితే పట్టిస్తుంది. నా సున్నంతో వాటికీ ఒక చిక్కు తెచ్చిపెట్టాను.

సున్నం వేసిన మూడో ఏడు, మే నెల కత్తిరి ఎండల్లో రావడం ఆగిపోయింది. ఒంట్లో బాగాలేదంది, ఏం బాగాలేదో చెప్పలేదు. బుధవారం పదింటికి ఫోను వచ్చేది. "గోడ ఎట్లుండాది అన్నా?" నేను వెనక్కి వెళ్ళి థర్మామీటర్ చూసి అంకె చెప్పేవాణ్ణి. తొండలు ఎన్ని వచ్చాయో చెప్పేవాణ్ణి. పొదలో పిల్లలు కనబడ్డాయని చెబితే, ఎంత పొడుగున్నాయో అడిగేది. ఆవిడ గొంతు వారం వారం సన్నబడుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

ఒక బుధవారం నేను షాపులో లేను. సరుకు దించుతూ రోడ్డు మీద ఉన్నాను. ఫోను వచ్చింది. రేపు చెప్తా అనడానికి నోరు రాలేదు. పోయిన వారంలాగే ఉంటుందిలే అని, "నలభై రెండమ్మా," అనేశాను.

పక్కనే లారీ హారన్ కొట్టింది.

"గోడ దగ్గిరుంటే నీ వెనక కాకులు వినిపిస్తాయన్నా. ఈ పొద్దు లారీ వినిపిస్తా ఉంది."

నేను లారీకి దూరంగా జరిగాను.

"పరవాల్లే. ఆ గడి ఖాళీగా పెట్టుకుంటా. ఖాళీ తప్పు కాదు. లేనిది రాస్తే తప్పు."

ఆ తర్వాత రెండు వారాలు ఫోను వచ్చింది. ఆ రెండుసార్లూ గోడకు వీపు ఆనించి నిలబడి మాట్లాడాను, కాకులు బాగా వినబడాలని. మూడో వారం రాలేదు. నేనే చేసి ఉండొచ్చు. చెయ్యలేదు. అటునుంచి వేరే గొంతు పలుకుతుందేమోనని భయం. బుధవారం పదింటికి ఫోను పట్టుకుని వెనక్కి వెళ్ళి, పదకొండింటికి లోపలికి వచ్చేవాణ్ణి. ఇలా ఎన్ని వారాలు గడిచాయో. ఈలోపు ఆవిడ చెల్లెలు ఈ సంచీతో వచ్చింది.

దేవుడు కాదమ్మా, తొండ, అని చెప్పాను. ఎందుకు చేశానో, ఆ బొట్టు ఎందుకుందో చెప్పాను. ఆవిడ అంతా విని, "అయితే అక్క దుమ్ము తుడిచేటప్పుడు బొట్టు చుట్టూ తిప్పి తుడిచేది ఇందుకా," అంది. తర్వాత రెండు నోటుబుక్కులు తీసింది. ఇంగ్లీషులో రాసినవన్నీ కాలేజీవాళ్ళు తీసుకెళ్ళారట. "ఇవి తెలుగులో ఉండాయి. మా ఇంట్లో పిల్లలకు తెలుగు చదవను రాదు. నాకూ అంతంత మాత్రమే. మీ గోడవేనంట, మీరే పెట్టుకోండి."

అవి టీచరమ్మ గోడ దగ్గర రాసిన పుస్తకాలు. చెల్లెలు వెళ్ళాక మొదటిదాంట్లో చివరి పేజీ తీశాను. ఆ ఆయుధపూజ మర్నాటి తేదీ. 'సున్నం. ఆపినాను.' రెండోదాంట్లో మొదటి పేజీ తీశాను. అదే తేదీ. 'సున్నం. మొదలు.' ఇంక నా గురించి గానీ, కోపం గానీ, ఏడేళ్ళ గురించి గానీ ఒక్క ముక్క లేదు. నన్ను నిందించిన వాక్యం ఒక్కటైనా దొరుకుతుందని రెండు పుస్తకాలూ తిరగేశాను. అంకెలు, తొండల సంగతులే ఉన్నాయి. చివరి పేజీల్లో ఫోనులో నేను చెప్పిన అంకెలన్నీ రెండో గడిలో ఉన్నాయి. మొదటి గడి, చేతి గడి, అన్నిట్లోనూ ఖాళీ. నేను అబద్ధం చెప్పిన వారానికి రెండు గడులూ ఖాళీ.

ఈ ఏడు ఆయుధపూజకు మనుషుల్ని పెట్టలేదు. సున్నం నేనే కలిపాను, ఆవిడ చెప్పిన చెంబుల లెక్కనే. రెండు పూతలు. బొమ్మల్ని తోమి, మిగిలి ఉన్న ఆవిడ రంగే పూసి, స్కేలు పెట్టి బొట్లు పెట్టాను. తోకదాన్ని మళ్ళీ గూట్లో పెట్టాను. దానికి మాత్రం కొత్త బొట్టు పెట్టలేదు, పాతదే ఉంది.

పూజ మర్నాడు మా ఆవిడ మిగిలిన బొరుగులు సర్దడానికి షాపుకు వచ్చింది. నేను వెనక పెయింటు డబ్బా మీద పుస్తకం తెరుచుకుని కూర్చుని ఉన్నాను. థర్మామీటర్ ముప్పై ఆరు చూపించింది. రెండో గడిలో రాశాను.

"ముందర గడిలో ఏమీ రాయలేదే?" అంది వెనకనుంచి.

"అది చెయ్యి పెట్టి చెప్పాల. నా చేతికి తెలీదు."

ఆమె బొరుగుల చేటను గట్టు మీద పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని గోడ దగ్గరికి వెళ్ళి, ఎవరూ నేర్పకుండానే, చేతి వెనక వైపు ఆనించింది. కళ్ళు మూసుకుంది. ఆమె ఇన్నేళ్ళూ ఎక్కడినుంచి చూసిందో నేను అడగలేదు.

"ముప్పై," అంది.

నేను రాయలేదు.

"ఏం, తప్పా?"

"ఆరు డిగ్రీలు తప్పు. అందుకని కాదులే. ఆ గడి ఆమెది. ఖాళీగా ఉండనీ."

మా ఆవిడ వచ్చి నా భుజం మీదుగా పుస్తకంలోకి చూసింది. ఖాళీ గడులు ఒకదాని కింద ఒకటి పేజీ చివరిదాకా ఉన్నాయి. ఒక్కొక్కదాని మీదుగా వేలు కిందికి జరిపింది.

"సరి, దాన్నట్లే ఉండనీ," అంది. "పక్కన ఇంకొక గీత గియ్యి."

స్కేలు తీసి గీత గీశాను. మూడో గడిలో ముప్పై అని రాశాను.